ఐవీఏ పరీక్షకు వైరింగ్ సర్దుకొను సులభ మార్గములు

బ్రిటన్ చలిలో గరాజులో చాపేసుకుని, కిట్ కారు విడిభాగాలతో కుస్తీ పట్టి, ఎట్టకేలకు దాన్ని నాలుగు చక్రాల మీద నిలబెట్టిన సోదర సోదరీమణులారా! ఇంజను మోగింది. ఇక మిగిలింది ఐవీఏ, అంటే ఇండివిడ్యువల్ వెహికల్ అప్రూవల్. 1998లో ఎస్‌వీఏగా మొదలై, 2009లో పేరూ నిబంధనలూ మార్చుకున్న పరీక్ష ఇది. ఇది గట్టెక్కితేనే కారు రోడ్డెక్కుతుంది. బ్రేకులు, అద్దాలు, పొగ, చప్పుడు అన్నీ చూస్తారు. వాటి జోలికి నేను వెళ్లను, అవి కష్టపడి చేసే పనులు. వైర్లు కట్టడం మాత్రం పరీక్షకు ముందురోజు రాత్రి చేసేది కాబట్టి, ఆ విద్యలో నా సలహాలకు తిరుగులేదు.

మూలసూత్రం ఒక్కటే. వైరు కదలకూడదని నిబంధన. ఇన్‌స్పెక్టరు చూసినప్పుడు కదలకూడదని దాని భావం. చుట్టాలొస్తున్నారంటే సామానంతా మంచం కిందికి తోసి దుప్పటి కిందిదాకా లాగుతాం కదా, అంతే ఇది కూడా. దుప్పటి ఎత్తి చూసే చుట్టం ఉంటాడా? (ఉంటాడు. ఆయన చేతిలో టార్చిలైటు కూడా ఉంటుంది. అది వేరే విషయం.)

వైరు ఏదైనా గొట్టం లోపల భద్రంగా ఉంటే తప్ప, కనీసం ప్రతి 300 మిల్లీమీటర్లకీ ఒకచోట బిగించి ఉండాలంటారు. దీనికి కొలత టేపు వెతుక్కోనక్కర్లేదు, అడుగుకొకటి చొప్పున వేసుకుపొండి. అడుగంటే దాదాపు 305 మిల్లీమీటర్లని ఇన్‌స్పెక్టరు అభ్యంతరం చెబితే, ఆ కొలత మాకు నేర్పింది మీవాళ్లేనని మర్యాదగా గుర్తు చేయండి.

దేనితో బిగించాలి? లోపల రబ్బరు తొడుగున్న పి-క్లిప్పు తెచ్చి, ఛాసిస్‌కి రంధ్రం వేసి రివెట్ కొట్టమని కొందరు చెబుతారు. అంత డబ్బు పోసి పౌడర్ కోటింగ్ చేయించిన ఛాసిస్‌కి రంధ్రాలు వేయడానికి చేతులెలా వస్తాయండీ? వెనక జిగురుండే ప్లాస్టిక్ ముక్కలు దొరుకుతాయి, అవి అంటించండి. కింద నూనె మరకలుంటే తుడవొద్దు. ఇంజను వేడికి రెండు వారాల్లో అవే ఊడి వస్తాయి కాబట్టి, తర్వాత పీకే శ్రమ కూడా ఉండదు.

కేబుల్ టైలు తెల్లవి కొనండి. నల్లవాటిలో ఎండకు తట్టుకునే కార్బన్ కలుపుతారట, మనకెందుకు? తెల్లవి కొన్నాళ్లు ఎండ తగిలాక అప్పడాల్లా విరుగుతాయి గానీ, పరీక్ష ఒక్కరోజే కదా. తోక కత్తిరించేటప్పుడు ఏటవాలుగా, కాస్త మిగిల్చి కత్తిరించండి. డ్యాష్‌బోర్డు కింద చెయ్యి పెట్టిన ప్రతివాడికీ ఆ వైరింగ్ ఎవరు చేశారో జీవితాంతం గుర్తుంటుంది.

ఇక వైర్లు ఏ దారిన తీసుకెళ్లాలి అన్నది ముఖ్యం. బ్రేకు పైపు ముందునుంచి వెనకదాకా ముందే బిగించి ఉంటుంది. వైర్లను దానికే చుట్టేస్తే వేరే క్లిప్పులు దండగ. పెట్రోలు పైపు కనిపిస్తే దాన్నీ కలిపి ఒకే కట్టగా కట్టండి, చూడముచ్చటగా ఉంటుంది. లోటస్ 7 తరహా కారైతే సీట్ల మధ్య సొరంగం ఉంటుంది. వెనక లైట్ల వైర్లకు అంత దగ్గర దారి ఇంకోటి లేదు. అందులో ప్రాప్ షాఫ్ట్ ఉంటుందని భయపడొద్దు. పాత ఫోర్డ్ గేరుబాక్సయితే నాలుగో గేరులో అది ఇంజనుతో సమానంగా, నిమిషానికి మూడు నాలుగు వేల సార్లు తిరుగుతుంది. అంత వేగంలో వైరును పట్టించుకునే తీరిక దానికెక్కడిది?

అల్యూమినియం రేకులోంచి వైరు దూర్చాల్సి వస్తే, రంధ్రానికి రబ్బరు గ్రోమెట్ తొడగాలన్నది పుస్తకజ్ఞానం. గ్రోమెట్ సంగతి మనకు ఎప్పుడూ వైర్లన్నీ దూర్చి, లగ్గులు కొట్టేశాకే గుర్తొస్తుంది. అవన్నీ ఎవరు పీకుతారు? ఇన్సులేషన్ టేపు రెండు చుట్లు చుట్టండి. వేడికి దాని జిగురు కారి, టేపు మెల్లగా పక్కకి జారుతుంది. ఇక రేకు అంచు, ఇంజను అదురు కలిసి వైరు తొడుగును రోజుకింత కోస్తాయి. ఒకనాటికి రాగి బయటపడి రేకుకి తగులుతుంది. రేకు ఛాసిస్‌కి, ఛాసిస్ బ్యాటరీ నెగెటివ్‌కి కలిసి ఉన్నాయి. బ్యాటరీ చూడటానికి చిన్నదే గానీ, షార్టయితే వందల ఆంపియర్లు వదులుతుంది. వైరు ఈ చివర్నుంచి ఆ చివరిదాకా ఎర్రబడి, కట్టలో పక్కనున్న వైర్ల తొడుగులు కూడా కరిగించుకుంటూ పోతుంది. ఇందాక అదే కట్టలో పెట్రోలు పైపును చేర్చాం కదా!

ఇక్కడ ఫ్యూజు అడ్డం రాకుండా చూసుకోవాలి. ఫ్యూజు బ్యాటరీ పక్కనే ఉండాలని ఛాదస్తులు అంటారు. మీరు మాత్రం ఫ్యూజు బాక్సు డ్యాష్‌బోర్డు కింద పెట్టి, బ్యాటరీ నుంచి అక్కడిదాకా వచ్చే లావుపాటి వైరుకు ఏ ఫ్యూజూ లేకుండా వదిలేయండి. 15 ఆంపియర్లది పదేపదే పోతుంటే 30ది పెట్టండి. మన ఊళ్లో కటౌట్‌లో ఫ్యూజు తీగ బదులు రాగి పోగులు మెలేసి చుట్టినవాళ్లం, మనకి ఇదొక లెక్కా?

రంగుల గురించి ఒక్కమాట. పాత బ్రిటిష్ కార్లలో బ్యాటరీ కరెంటుకు బ్రౌను, ఇగ్నిషన్‌కు తెలుపు, ఫ్యూజు దాటిన ఇగ్నిషన్‌కు ఆకుపచ్చ, ఎర్త్‌కు నలుపు అని ఒక పద్ధతి ఉంది. వద్దు. ఎర్ర వైరు పెద్ద చుట్ట చవగ్గా వస్తుంది, అంతా అదే వాడండి.

ఎర్త్ అన్నాను గనుక అసలు కిటుకు చెబుతాను. ఫైబర్‌గ్లాస్ బాడీలో కరెంటు పారదు. లైటుకు ప్రత్యేకంగా ఎర్త్ వైరు వెయ్యాలి, అది కూడా పెయింటు గీకిన ఇనుము మీద బిగించాలి. మీరు పెయింటు మీదే బిగించండి. అప్పుడు బ్రేకు తొక్కితే ఇండికేటరు మసగ్గా వెలుగుతుంది, ఇండికేటరు వేస్తే టెయిల్ లైటు కన్ను కొడుతుంది. ఎర్త్ దొరక్క కరెంటు పక్క బల్బులోంచి దారి వెతుక్కుంటుంది మరి. ఇన్‌స్పెక్టరు అడిగితే, మా లైట్లు ఒకరికొకరు సాయపడతాయని చెప్పండి.

లోటస్ కంపెనీ గురించి ఒక కథ చెప్పుకుంటారు. ఆ రోజుల్లో పూర్తి కారుకు పర్చేజ్ టాక్స్ పడేది, కిట్‌కు పడేది కాదు. కాకపోతే కిట్‌తోపాటు బిగించే విధానం రాసి ఇవ్వకూడదు. విప్పే విధానం ఇవ్వకూడదని ఎక్కడా రాయలేదు. అందుకని వాళ్లు విప్పే విధానం ఇచ్చారట, కొన్నవాళ్లు దాన్ని చివర్నుంచి మొదటికి చదువుకున్నారట. 1973లో వ్యాట్ రావడంతో ఆ ముచ్చట తీరిపోయింది. ఈ వ్యాసాన్ని కూడా అలా తిరగేసి చదువుకోవాలని ఎవరైనా గిట్టనివాళ్లు చెబితే నమ్మకండి.

వైరును బిగుతుగా లాగి కట్టండి. ఇంజను రబ్బరు మౌంట్ల మీద ఊగుతుందనీ, అక్కడ కాస్త వదులుండాలనీ అంటారు. వదులుంటే అందం ఎక్కడుంటుంది? లగ్గు సరిగ్గా క్రింప్ చేయడం రాకపోతే టంకం ధారాళంగా పొయ్యండి. అది పోగుల మధ్యలోంచి పైకి పాకి, వైరును పుల్లలా బిరుసు చేస్తుంది. బిరుసు ఎక్కడ ఆగిందో, అదురుకు సరిగ్గా అక్కడే విరుగుతుంది. తొడుగు లోపల విరుగుతుంది కాబట్టి పైకి నదురుగానే ఉంటుంది. వాన కురిసే రాత్రి మోటార్‌వే మీద గానీ బయటపడదు.

పరీక్ష నిబంధనల పుస్తకం ప్రభుత్వమే వెబ్‌సైట్‌లో ఉచితంగా పెట్టింది. ఉచితంగా ఇచ్చేదానికి విలువేముంటుంది, చదవకండి. ఫెయిలైతే కారణాలు కాగితం మీద రాసిస్తారు. దాన్ని మడిచి జేబులో పెట్టుకుని, ఇన్‌స్పెక్టరుకు మనమంటే పడదని ఇంట్లో చెప్పండి.

చివరగా, నా సలహాలన్నీ పాటించినవారికి ఒక మనవి. డ్రైవరు చేతికందేచోట మంటలార్పే సిలిండరు ఒకటి పెట్టుకోండి. దాన్ని మాత్రం ఇనుప బ్రాకెట్ వేసి, బోల్టులతో గట్టిగా బిగించండి. తెల్ల కేబుల్ టైతో కాదు.