ఈస్టరు ఉదయానికి హామ్, ఛీజ్ బేక్: వంట తెలిసినవాళ్లు వద్దనే పద్ధతి

ఈస్టరు రోజు తెనాలిలోనైనా, బాపట్లలోనైనా, రేపల్లెలోనైనా సంఘం చీకటితోనే లేస్తుంది. సమాధుల దగ్గర కొవ్వొత్తులు, పాటలు, సూర్యోదయ ఆరాధన. అన్నీ ముగించుకుని గుడి దగ్గరికి చేరేసరికి ఏడవుతుంది. పిల్లలు ఆకలికి ఆగలేరు, షుగరు మాత్రలు వేసుకునే పెద్దవాళ్లు అసలే ఆగకూడదు. ప్రేమవిందు బిర్యానీ మధ్యాహ్నానికి గానీ దిగదు. ఆ పూట వందమందికి కడుపునిండా ఏదైనా పెట్టాలంటే నేను చెప్పేది ఒకటే: బ్రెడ్డు, గుడ్లు, పాలు, హామ్, ఛీజ్ పొరలుగా పేర్చి ట్రేలలో కాల్చి, ముక్కలు కోసి పెట్టండి. డల్లాస్‌లోనో న్యూజెర్సీలోనో ఉన్న మన పిల్లలు అక్కడి చర్చిల్లో తిని, వీడియో తీసి అమ్మకు పంపే వంటకం ఇది.

ఆ వీడియో చూసి మన చేయి తిరిగిన వంటగత్తెలు దాన్ని బాగు చేయబోతారు. తాజా బ్రెడ్డు తెస్తారు, చిక్కటి పాలు పోస్తారు, అల్లం వెల్లుల్లి నూరుతారు, పొయ్యి మీంచి దించగానే వడ్డిస్తారు. ఇంట్లో నలుగురికి వండేటప్పుడు ఇవన్నీ మంచి అలవాట్లే. ఈ వంటకాన్ని మాత్రం అవే పాడుచేస్తాయి. అందుకే కింద చెప్పినవన్నీ మీకు తప్పుగానే తోస్తాయి. అయినా వినండి.

ముందుగా, దీన్ని క్రిస్మస్‌కు పెట్టుకోకండి. డిసెంబరు చివరి వారంలో ఏ బేకరీ పొయ్యీ ఖాళీగా ఉండదు, రాత్రింబవళ్లు కేకులే కాలుతుంటాయి. ఈస్టరుకు ఆ రద్దీ ఉండదు. ఈ వంట మొత్తం బేకరీ పొయ్యి మీదే ఆధారపడి ఉంది. దీనికోసం ఇంటికి ఓవెన్ కొనకండి. ఇంటి ఓవెన్‌లో ఒక్కసారికి ఒక్క ట్రే పడుతుంది, ఒక్కో ట్రేకు గంట కావాలి. వందమందికి పది ట్రేలు, అంటే పది గంటలు. మధ్యలో కరెంటు పోతే చెప్పక్కర్లేదు. బేకరీలో రొట్టె తీశాక పొయ్యి వేడి నెమ్మదిగా దిగుతూ ఉంటుంది. అది 180 డిగ్రీల దగ్గరికి వచ్చినప్పుడు మన ట్రేలు లోపలికి పోవాలి. రొట్టె కాల్చే వేడిలో పెడితే పైన మాడి లోపల పచ్చిగా మిగులుతుంది.

బేకరీ ఆయనతో వారం ముందే మాట్లాడండి, మాట్లాడేటప్పుడు ట్రేలో ఉండేది పంది మాంసమని మొదటి మాటలోనే చెప్పండి. మూతపెట్టిన ట్రేలో ఏముందో ఎవరు చూస్తారులే అనుకోవడం అన్యాయం. హలాల్ పాటించే బేకరీ అయితే అక్కడ అడగడమే వద్దు, ఇంకొకటి చూసుకోండి. ఒప్పుకున్న బేకరీకి కూడా మన ట్రేలే తీసుకెళ్లాలి. వాళ్ల ట్రేలలో రేపు వేరేవాళ్లకు కేకు పోస్తారు.

ఇక హామ్. చాలామంది ఇక్కడే పొరబడతారు. ఫ్రీజరు సరుకు ఎందుకు, తాజా పంది మాంసమే కొని వేద్దాం అంటారు. వద్దు. హామ్ అంటే ఉప్పు, నైట్రైటు పట్టించి ఊరబెట్టి ఉడికించిన మాంసం. ఆ గులాబీ రంగు నైట్రైటుదే. బోట్యులిజం అనే ప్రాణాంతక జబ్బు తెచ్చే విషాన్ని తయారుచేసే క్రిమిని ఎదగనివ్వనిదీ అదే. పచ్చి మాంసం ముక్కలు గుడ్ల మధ్య సరిగా ఉడకవు, నీరు వదిలి ట్రేను జావ చేస్తాయి. పైగా వీధుల్లో తిరిగే పంది మాంసంలో బద్దెపురుగు తిత్తులు ఉండవచ్చు. సరే, మనమే ఇంట్లో ఊరబెట్టుకుందాం అంటే అదీ కుదరదు. చలిదేశాల్లో శీతాకాలంలో పల్లెల్లో హామ్ ఊరబెట్టేది ఆ చలిని నమ్ముకునే. నాలుగు డిగ్రీల చల్లదనంలో రోజుల తరబడి ఊరాల్సిన మాంసం బాపట్ల గాలిలో ఒక్క పూటకే చెడుతుంది. 1842లో మిషనరీ హేయరు గారు గుంటూరులో అడుగుపెట్టిన దగ్గర్నుంచి ఈ ప్రాంతంలో లూథరన్ మిషనూ, తర్వాత బాపట్ల వైపు అమెరికన్ బాప్టిస్టు మిషనూ పనిచేశాయి. అమెరికా మిషనరీలు ఇన్ని తరాలు మన మధ్య ఉన్నా, కేకు మన పండగలో కలిసిపోయినట్టు హామ్ కలవలేదు. మన ఎండే దానికి పెద్ద కారణమని నా నమ్మకం.

కాబట్టి ఉడికించి, ముక్కలు కోసి, ప్యాకెట్టులో అమ్మేదే కొనండి. మన ఊళ్లలో చికెన్ హామ్ దొరికినంత తేలిగ్గా పంది హామ్ దొరకదు. విజయవాడ నుంచి తెప్పించుకోవడం మేలు. తెనాలి, బాపట్ల మెయిన్ లైను మీదే ఉన్నాయి. రేపల్లె వాళ్లు తెనాలిలో బండి మారాలి కాబట్టి ఐసు పెట్టె తప్పనిసరి. నిజాంపట్నం చేపలకూ రొయ్యలకూ వాడే థర్మోకోల్ పెట్టెలు అక్కడ తేలిగ్గా దొరుకుతాయి. కొత్త పెట్టె కొనండి, ఒకసారి రొయ్యలు మోసిన పెట్టెలో నీచు ఎంత కడిగినా పోదు.

తెచ్చిన హామ్‌ను నేరుగా ట్రేలో వేయకండి. ప్యాకెట్టు హామ్‌లో నీరు ఎక్కువ. చిన్న ముక్కలు చేసి, పెనం మీద నూనె లేకుండా తడి ఆరేదాకా వేయించి చల్లార్చండి. కోసేవాళ్ల చేతికి తెగిన గాయం గానీ చీముగడ్డ గానీ ఉంటే ఆ పని ఇంకొకరికి ఇవ్వండి. గాయంలోని స్టాఫిలోకాకస్ హామ్ మీద హాయిగా పెరుగుతుంది. అది వదిలే విషం మళ్లీ వేడిచేసినా పోదు.

బ్రెడ్డు పాతది కావాలి. నిన్నటిది మంచిది, మొన్నటిది ఇంకా మంచిది. తాజా బ్రెడ్డు పాలు తగలగానే ముద్దవుతుంది. ఒకరోజు గడిచిన బ్రెడ్డులో పిండి గట్టిపడి, పాలు పీల్చుకున్నా ముక్క ముక్కగానే నిలబడుతుంది. మన బేకరీల బ్రెడ్డులో తీపి ఎక్కువ, తీపి తక్కువ వేసింది కావాలని ముందే చెప్పి చేయించుకోండి. డెల్టా తేమకు బూజు త్వరగా పడుతుంది గనుక ప్రతి ముక్కనూ వెలుతురులో చూడండి. ఒక్క ముక్కకు బూజు కనబడినా ఆ ప్యాకెట్టు మొత్తం పక్కన పెట్టేయండి.

ఛీజ్ ఖరీదైనది వద్దు. మామూలు ప్రాసెస్డ్ ఛీజే తీసుకోండి. మొజరెల్లా వేడిమీద సాగుతుంది, చల్లారితే రబ్బరు. పాతబడ్డ చెడ్డర్ నూనె కక్కుతుంది. ప్రాసెస్డ్ ఛీజ్‌లో సిట్రేటు, ఫాస్ఫేటు లవణాలు కొవ్వునూ నీటినీ విడిపోకుండా పట్టి ఉంచుతాయి. 1911లో స్విట్జర్లాండ్‌లో వాల్టర్ గెర్బర్ ఈ పద్ధతి కనిపెట్టింది ఛీజ్ ఎక్కువ కాలం చెడకుండా దూరదేశాలకు పంపడానికే. అమెరికాలో జేమ్స్ క్రాఫ్ట్ తన పద్ధతికి 1916లో పేటెంటు తీసుకున్నాడు. వేడి దేశంలో, వందమంది తినేదాకా ఆగాల్సిన ట్రేకు దీన్ని మించింది లేదు. ఛీజ్ రుచి తెలిసినవాళ్లు ముఖం చిట్లిస్తే చిట్లించనివ్వండి.

పాలలో నీళ్లు కలపండి. గుంటూరు జిల్లాలో ఈ మాట అనడానికి ధైర్యం కావాలని నాకు తెలుసు. వడ్లమూడి సంగం డెయిరీ ఫుల్ క్రీమ్ పాకెట్టైనా, ఇంటి గేదె పాలైనా, వెన్న ఎక్కువ. దానికి ఛీజ్ కొవ్వు, హామ్ కొవ్వు తోడైతే రెండో ముక్క ఎవరికీ దిగదు. కాచి చల్లార్చిన పాలు అరలీటరుకు మంచినీళ్లు 200 మిల్లీలీటర్లు. ఈ లెక్క ఒక ట్రేకు.

మిగతా లెక్క కూడా ట్రేకే చెబుతాను. పదమూడు అంగుళాల పొడవు, తొమ్మిది వెడల్పు, రెండు లోతు ఉన్న ట్రేకు బ్రెడ్డు 450 గ్రాములు, గుడ్లు 8, హామ్ పావుకిలో, ఛీజ్ పావుకిలో, వేయించిన ఉల్లిపాయ ఒకటి, ఆవపొడి ఒక చెంచా, మిరియాల పొడి అరచెంచా. పన్నెండు ముక్కలొస్తాయి. పది ట్రేలకు 80 గుడ్లు, నాలుగున్నర కిలోల బ్రెడ్డు, ఐదు లీటర్ల పాలు, రెండున్నర కిలోల చొప్పున హామూ ఛీజూ. ట్రేకు వెన్న రాసి, బ్రెడ్డు, హామ్, ఉల్లి, ఛీజ్ రెండు వరసలు పేర్చి, పైన గుడ్లూ పాలూ కలిపి పోయాలి. గుడ్లను నురగ వచ్చేలా గిలకొట్టకండి. నురగ పొంగి, బయటికి తీయగానే కుంగి, నడుమ గుంట పడుతుంది. సొన కలిసేవరకు తిప్పితే చాలు.

ఉప్పు వేయకండి. చిటికెడు కూడా వద్దు. హామ్‌లో ఉంది, ఛీజ్‌లో ఉంది, రాసే వెన్న కూడా ఉప్పు లేని ఇంటి వెన్న అయితేనే మేలు. కలిపాక రుచి చూడకండి. అది పచ్చిగుడ్డు, సాల్మొనెల్లా భయం ఉంది. కాలకముందు చూసిన రుచి కాలాక ఎలాగూ నిలవదు. అల్లం వెల్లుల్లి ముద్ద, గరం మసాలా, పచ్చిమిర్చి ఏవీ వద్దు. గుడ్డు నీచును ఆవపొడీ మిరియాలూ తీసేస్తాయి. మన నాలుకకు కారం లేకపోతే తిన్నట్టుండదు, నిజమే. అందుకు పండుమిరప పచ్చడి విడిగా ప్లేటులో పెట్టండి. నెయ్యీ పప్పూ పక్కన ఆవకాయ ఎలా నిలబడుతుందో, ఈ ముక్క పక్కన ఆ పచ్చడి అలా నిలబడుతుంది. లోపల కలిపితే రెండూ పాడవుతాయి.

వంట మాస్టరును పెట్టుకోకండి. ఒక పెద్ద డేగిసాలో, ఒక మనిషి చేతికింద చేసే వంట కాదిది. ముందురోజు రాత్రే ట్రేలు పేర్చి ఫ్రిజ్‌లో ఊరబెట్టాలి, ఒక్క ఫ్రిజ్‌లో పది ట్రేలు పట్టవు. స్త్రీల సమాజంలో ఐదు ఇళ్లు చూసుకుని ఇంటికి రెండు ట్రేలు పంచండి. లెక్క కాగితం మీద రాసి ఇవ్వండి, ఎవరి చేయి వాళ్లు కలపకుండా. ఫ్రిజ్‌లో చోటు లేని ఇంటికి ట్రే ఇవ్వవద్దు. పచ్చిగుడ్లూ పాలూ కలిసిన ట్రేను రాత్రంతా బయట ఉంచడమంటే పదిమందిని ఆస్పత్రికి పంపడమే. పెద్దమ్మ మనసు నొచ్చుకుంటుందని మొహమాటపడకండి, ఆమెకు ఉల్లి కోసే పనో, పచ్చడి పనో ఇవ్వండి.

ట్రేలు కాల్పించడానికి ఇద్దరు ఆరాధన మానుకోవాలి. ఇది సంఘ పెద్దలకు నచ్చదు, పాస్టరు గారికి ముందే చెప్పి ఒప్పించండి. ఐదు గంటలకు ట్రేలు బేకరీకి చేరాలి. ఫాయిల్ కప్పి ముప్పావుగంట, తీసేసి మరో పావుగంట. ఫ్రిజ్‌లోంచి వచ్చిన చల్లటి ట్రే కాబట్టి ఒక్కోసారి ఇంకా పది నిమిషాలు కావచ్చు. నడిమధ్యలో గుచ్చిన చాకు తడి లేకుండా రావాలి. వంట థర్మామీటరు ఉంటే అక్కడ 74 డిగ్రీలు చూపాలి. రంగు చూసి దించకండి, ఛీజ్ ఎర్రబడ్డంత మాత్రాన లోపల ఉడికినట్టు కాదు.

వేడివేడిగా వడ్డించకండి. పావుగంట అలా వదిలేస్తే గుడ్డు బిగుసుకుని ముక్క చక్కగా తెగుతుంది. లేదంటే గరిటెతో తోడి పెట్టాల్సి వస్తుంది. ఆ పావుగంట తర్వాత మాత్రం ఆలస్యం వద్దు. రెండు గంటల్లో ట్రేలు ఖాళీ కావాలి. ఈస్టరు ఏప్రిల్‌లో పడి ఎండ 32 డిగ్రీలు దాటితే గంటలోపే. స్వాగతాలూ ప్రకటనలూ తిన్నాక పెట్టుకోమని చెప్పండి.

అందరూ ఇదే తినాలని పట్టుబట్టకండి. మన క్రైస్తవ కుటుంబాల్లోనే పంది మాంసం ముట్టనివాళ్లు చాలామంది ఉన్నారు. సబ్బాతు ఆచరించే అడ్వెంటిస్టు బంధువులు అసలు తినరు. పండక్కి పిలిచిన ఇరుగుపొరుగువాళ్లలో గుడ్డు కూడా తిననివాళ్లుంటారు. పది ట్రేలలో మూడు చికెన్ హామ్‌తో చేయండి, వాటికి వేరే చాకు, వేరే గరిటె, వేరే బల్ల. ట్రే అంచుకు పేరు పెద్ద అక్షరాలతో రాసి అంటించండి. మిగతావాళ్లకు హోటల్ నుంచి ఇడ్లీ తెప్పించండి. గుడ్డు లేకుండా ఇదే వంటకం చేయబోతే అది తడిసిన బ్రెడ్డుగానే మిగులుతుంది, అది పెట్టడం అతిథిని చిన్నబుచ్చడమే.

చివరిగా, మిగిలిన ముక్కలు ఇళ్లకు పొట్లాలు కట్టి ఇవ్వకండి. పెట్టుపోతల్లో పేరున్న ఊళ్లకు ఇది చెప్పడం కష్టంగానే ఉంది. కానీ రెండు గంటలు బయట ఉన్న ముక్క సాయంత్రం ఎవరో ముసలావిడ తింటుంది, లేదా పసివాడు తింటాడు. గడువులోపు మిగిలితే వెంటనే ఫ్రిజ్‌లో పెట్టి, మర్నాడు పెనం మీద పొగలు వచ్చేదాకా కాల్చి తినండి. గడువు దాటితే పారేయండి. వచ్చే ఏడాది ఒక ట్రే తక్కువ చేయండి.