అవగాహన ఒప్పంద మాహాత్మ్యము

పరిశ్రమయు పాఠశాలయు చేయి కలిపినచో బాలబాలికల భవిష్యత్తు బంగారమగునని ఈ మధ్య ప్రతి వేదికపైనను వినవచ్చుచున్నది. పూర్వము వ్రతకథకు చివర ఫలశ్రుతి యుండెడిది. కథ విన్నపిదపనే ఫలము. నేడు ఫలశ్రుతి మొదటనే చదువబడును, కథ మాత్రము జరుగదు. అధికారి యొకరు, సంస్థాప్రతినిధి యొకరు, నడుమ శాలువ యొకటి. వెనుక ఫ్లెక్సీపై వీరిద్దరి రూపములు నిలువెత్తున, బడి పేరు చీమతలకాయంత.

ఖమ్మము దాటి కొత్తగూడెము మీదుగా భద్రాచలము వఱకు సాగిన ఈ అడవి అంచు పరిశ్రమలెఱుగని మారుమూల యని తలచువారు చరిత్ర చదువనివారు. ఇల్లందు చెంత బొగ్గు త్రవ్వకము 1889లోనే ఆరంభమైనది. పాల్వంచలో 1966 నుండి విద్యుత్తు, సారపాకలో 1979 నుండి కాగితము, ఆ తరువాత అశ్వాపురములో భారజలము. నేలలోనిది బొగ్గుగాను, నేలపైది వెదురుగాను జామాయిలుగాను శతాబ్దమునకు మించి తరలిపోవుచుండగా ఏ అవగాహన ఒప్పందమును అవసరపడలేదు; ఆ నేలపై నివసించు కోయపిల్లవాని తరగతిగదిలో పరిశ్రమ అడుగిడుటకు మాత్రము వేదికయు శాలువయు కావలసివచ్చినవి. సింగరేణి సంస్థ తాను బడులను నడుపుచున్న మాట నిజమే. అందఱిని ఒకే గాటను కట్టుట నా యుద్దేశము కాదు. వచ్చి, పంచి, ఫొటో దిగి, సాయంకాలమునకే తిరిగిపోవు ఆచారమును గూర్చియే నా మాట.

చట్టము కూడ ఈ ఆచారమునకు తోడైనది. పెద్ద సంస్థలు గడచిన మూడేండ్ల సగటు నికరలాభములో నూటికి 2 చొప్పున సామాజిక బాధ్యతకై వెచ్చింపవలెననియు, తాము పనిచేయు పరిసరములకు ప్రాధాన్యమీయవలెననియు 2013 కంపెనీల చట్టము శాసించినది. శాసనము గంభీరము, దాని యవతారము తరచుగా పుస్తకముల సంచియై ముగియుచున్నది. సంచిపై సంస్థ ముద్ర, సంచి క్రింద పిల్లవాడు, వాని వెనుక, కెమెరాకు అందని దూరమున, ప్రయోగశాల లేని బడి. 2020 జాతీయ విద్యావిధానమేమో ఆఱు మొదలు ఎనిమిది వఱకు గల తరగతుల పిల్లలు పది దినములు సంచి లేకుండ వచ్చి, స్థానిక వడ్రంగుల యొద్దను కుమ్మరుల యొద్దను పని నేర్వవలెనని చెప్పుచున్నది. సంచులు పంచవచ్చినవారికి సంచి వలదను విధానము రుచింపకపోవుట సహజమే. చేతిపని ద్వారా చదువు చెప్పవలెనని 1937లో వార్ధాలో గాంధీజీ పలికినపుడు పెదవి విఱిచినవారి మనుమలే నేడు అదే మాటను ‘స్కిల్’ అని తెరపై వెలిగించుచున్నారు.

ఇక ఉపదేశఘట్టము. నగరమునుండి విచ్చేసిన యువోద్యోగి, ఇంట కోయభాషయు బడిలో తెలుగును మాటలాడు బాలికలకు, కస్టమరుతో చిరునవ్వు చెదరకుండ ఇంగ్లీషులో మాటలాడు విధమును బోధించును. బడులలోని వృత్తివిద్యలో రిటైల్ అనునది ఒక పాఠ్యాంశము. ఆ బాలిక సంతలో ఇప్పపువ్వు గంపతో తల్లి ప్రక్కన కూర్చుండి, తక్కెడ ఎటు మొగ్గుచున్నదో, దానిని మొగ్గించిన వ్రేలు ఎవరిదో పసితనముననే చూచియున్నది. చిల్లరవర్తకమున ఆమెకు గల పరిజ్ఞానము బోధకునికి లేదు. ఆమెకు లేనిది సర్టిఫికెట్టు. వేసవిలో తునికాకు కోసి, 50 ఆకులకొక కట్ట కట్టి, కల్లములో పఱచి, లెక్క తప్పినచో కూలి తెగునని యెఱిగిన పిల్లవానికి గుణకారము రాదని ప్రగతిపత్రముపై వ్రాయబడును. కల్లపు లెక్కను బడికి, బడి లెక్కను కల్లమునకు చేర్చుటకై ఒక్క ఒప్పందమైనను జరిగినదా? 1956లో పుట్టిన గిరిజన సహకార సంస్థ అటవీ ఫలసాయమును కొనునపుడు తూకము, ధర, నాణ్యత, నిల్వ అన్నియు కన్నులయెదుటనే జరుగును. ఆ గోదాము నడకదూరములో నున్నచో అచ్చటికి పిల్లలను తీసికొనిపోవుటకు ఏసీ బస్సు అక్కఱలేదు. కనుకనే ఆ యాత్ర ఏ నివేదికలోను చేరదు.

ఈ సీమలో దాతృత్వమునకు వేఱొక చరిత్ర కలదు. పాల్వంచ పరగణా తహసీల్దారు కంచెర్ల గోపన్న సర్కారు పైకముతో భద్రగిరిపై కోవెల కట్టించి గోలకొండ చెరసాల పాలైనాడు. అచ్చట కూర్చుండి, ఏ నగకెంత వెచ్చించెనో పాట కట్టి సాక్షాత్తు రామునికే పద్దు అప్పజెప్పినాడు. ఆయన చేసినది చట్టసమ్మతమని నేను వాదింపను. నేటి దాతలు సంచికెంత, శాలువకెంత, ఫ్లెక్సీకెంత, బిడ్డకెంత యని ఏ రాగములోనైనను సరే ఒక్కసారి పాడినచో వినవలెనని మాత్రము కోరిక.

నిజమైన కలయికకు క్రొత్త పత్రమేదియు వ్రాయనక్కఱలేదు. 1961 నాటి అప్రెంటిస్ చట్టము ఉన్నది. 2019లో సవరించిన నిబంధనల ప్రకారము, కాంట్రాక్టు పనివారితో కలిపి 30 మందిగాని అంతకు మించిగాని సిబ్బంది గల సంస్థ, ఆ సంఖ్యలో నూటికి 2.5 నుండి 15 వఱకు అప్రెంటిసులను స్టైపెండునిచ్చి తీసికొనవలెను. మణుగూరు, ఇల్లందు, భద్రాచలము బడుల ప్రధానోపాధ్యాయులారా! ఈసారి ఒప్పందముతో ఎవరైన వచ్చినచో రెండు ప్రశ్నలు అడుగుడు: ఈ యేడు మీ యొద్ద అప్రెంటిసులెందఱు, వారిలో మా మండలపు పిల్లలెందఱు? సమాధానమును వ్రాతమూలకముగ తీసికొనుడు.