రెండూ మగపెళ్ళివారే

మోస్రాలో మా బావకు రైస్‌మిల్లు ఉంది. గేటు దగ్గర కాంటా, నడుమ ఆఫీసు, చివర గోదాము. కాంటా నుంచి గోదాముకు నాలుగు వందల మీటర్లు. లారీ తూకం ఆఫీసు కంప్యూటర్లో పడాలి, గోదాము కెమెరాలు ఆఫీసు టీవీలో కనబడాలి. ఇంతే నెట్‌వర్కు. నిరుడు వానాకాలం దాకా రాగి కేబులు లాగి, నడుమ నడుమ స్విచ్చులు పెట్టి నెట్టుకొచ్చాడు. ఆ కేబులుకు వంద మీటర్లు దాటితే గొంతు పోతుంది. ఒకనాటి రాత్రి గోదాము వెనక పడిన పిడుగు దాన్నే పట్టుకుని వచ్చి మూడు స్విచ్చుల్నీ ఒక కంప్యూటర్నీ మింగి పోయింది. గాజు పోగుకు కరెంటు ఎక్కదని విని బావ ఫైబరుకు మారాడు. (ఉక్కు తొడుగున్న కేబులైతే తొడుగుకు ఎక్కుతుంది. ఆ సంగతి అమ్మేవాడు చెప్పడు.)

మారిన మూడో రోజు నాకు ఫోను.

"బామ్మర్దీ, లైటు వస్తలేదు. ఒక్కసారి రా."

పోయి చూశాను. వైరు మంచిదే, అతుకులు మంచివే. రెండు కొసలా స్విచ్చుల్లో, కరెంటు మాటను వెలుగుగా మార్చే ఎస్‌ఎఫ్‌పీ మాడ్యూళ్ళు దూర్చి ఉన్నాయి, మన చిటికెన వేలంత ఉంటాయి. బయటికి లాగి చూస్తే రెండింటికీ నీలం చెవులే.

"బావా, ఇవి రెండూ ఒక్కటే."

"అవు మరి. దుకాణపాయనకు మరీమరీ చెప్పిన, రెండు ఒక్క తీరు ఇయ్యమని. మ్యాచింగ్ ఉండొద్దా?"

అక్కడే ఉంది కిటుకంతా. బావ కొన్నవి ఒకే పోగు మీద రాకపోకలు నడిపే రకం. పోయే మాట ఒక రంగు వెలుగు మీద, వచ్చే మాట ఇంకో రంగు మీద నడుస్తాయి. ఒకటి 1310 నానోమీటర్ల మీద పలికి 1550 మీద వింటే, అవతలిది 1550 మీద పలికి 1310 మీద వినాలి. మా బావ తెచ్చినవి రెండూ 1310 మీదే పలుకుతున్నాయి, రెండూ 1550 కోసం చెవులు రిక్కించుకుని కూర్చున్నాయి. రెండు దిక్కులా మగపెళ్ళివారే విడిదిలో దిగి, ఆడపెళ్ళివారు ఎదురుకోళ్ళకు రాలేదని అలిగినట్టు.

ఇదే బావ తన చెల్లెలి పెళ్ళప్పుడు ఇద్దరు పంతుళ్ళకు జాతకాలు చూపించినవాడు. నక్షత్రం, నాడి, గోత్రం, చివరికి పిల్లవాడి మేనమామకు బీపీ ఉందా లేదా కూడా అడిగాడు. మాడ్యూలు కొనేటప్పుడు మాత్రం ఒక్క కొస వైపే చూశాడు.

మార్చుకుందామని ఇందూరు (నిజామాబాద్) పోయాం. దుకాణదారు ఎంత మర్యాదస్థుడంటే, తప్పు తనదని ఒప్పుకోకుండానే అంతకంటే ఖరీదైనవి చూపించాడు.

"ఇవి తీస్కపోండ్రి అన్నా, ఎనభై కిలోమీటర్లు కొడ్తయి."

మా బావ కళ్ళు మెరిశాయి. ఎనభై కిలోమీటర్లంటే బోధన్ దాటి మహారాష్ట్రలో వినబడే గొంతు. మనకు కావలసింది నాలుగు వందల మీటర్లు. వాకిట్లో ఉన్నవాణ్ణి పిలవడానికి జాతర మైకు పెడితే వాడి చెవి గూబ పగులుతుంది. ఇక్కడా అంతే, దగ్గర్లో అంత వెలుగు పడితే అవతలి రిసీవరు ఉక్కిరిబిక్కిరై చెడిపోనూ వచ్చు. అప్పుడు వెలుగు తగ్గించడానికి అటెన్యుయేటరని ఇంకో ముక్క కొనాలి. పెద్ద గొంతుకు ఒకసారి డబ్బు, నోట్లో గుడ్డ కుక్కడానికి మళ్ళీ డబ్బు. పది, ఇరవై కిలోమీటర్లవి చాలు. అవి చౌక కాబట్టి అద్దాల అల్మారాలో కింది అరలో ఉంటాయి.

ఆ అల్మారా పక్కనే సగం ధరకు నారింజ రంగు పాత కేబులు చుట్ట ఉంది. బావ చెయ్యి అటు పోయింది. అది మల్టీమోడ్, లోపలి దారి 50 మైక్రాన్లు, ఇంకా పాతదైతే 62.5. మన పసుపు కేబులు సింగిల్‌మోడ్, దారి 9 మైక్రాన్లే.

"మోటరుకు మూడించులు, పైపుకు నాలుగించులు ఉంటే రెడ్యూసర్ ఏస్తం గద. దీనికి లేదా?"

రైతు అడగాల్సిన ప్రశ్నే. లేదు. వెడల్పు గాజు లోంచి సన్న గాజు లోకి వచ్చేసరికి వెలుగు చాలావరకు అంచుల్లోనే ఒలికిపోతుంది.

ఈసారి ఒకటి నీలం చెవి, ఒకటి పసుపు చెవి, ఇరవై కిలోమీటర్ల జత తెచ్చాం. కాంటా వైపు వెలిగింది. గోదాము స్విచ్చు మాత్రం మాడ్యూలును లోపలికి రానిచ్చి, ఇంటిపేరు అడిగి, వెళ్ళగొట్టింది. అది పెద్ద కంపెనీ స్విచ్చు. ప్రతి ఎస్‌ఎఫ్‌పీ లోపలా చిన్న చిప్పు ఉంటుంది, అందులో తయారుచేసినవాడి పేరు రాసి ఉంటుంది. తమ వంశం కాకపోతే కొన్ని స్విచ్చులు గడప దాటనివ్వవు. 1966లో గాజు పోగు గుండా వెలుగును కిలోమీటర్ల కొద్దీ పంపవచ్చని లెక్క కట్టిన చార్లెస్ కావ్‌కు 2009లో నోబెల్ వచ్చింది. ఆ లెక్కలో కంపెనీ పేరు ఎక్కడా లేదు. 2000లో కంపెనీలే కూర్చుని ఎవరి ఎస్‌ఎఫ్‌పీ అయినా ఎవరి స్విచ్చులోనైనా పట్టేలా కొలతలు ఒప్పుకున్నాయి. సహపంక్తి భోజనాలకు ఒప్పుకుని, విస్తరి ముందు కులం అడగడమంటే ఇదే. దీనికీ దుకాణంలో మందుంది. చిప్పులో పేరు మార్చి ఇస్తారు. గెజిట్ అక్కర్లేదు, అఫిడవిట్ అక్కర్లేదు, అయిదు నిమిషాల్లో మాడ్యూలు పెద్దింటి బిడ్డ అయిపోతుంది.

ఒకదానికొకటి పొసగని ఈ జబ్బు ఇందూరు వాళ్ళకు కొత్త కాదు. నిజాం కాలం నాటి సికింద్రాబాద్-మన్మాడ్ లైను మీటర్ గేజ్, పట్టాల నడుమ 1000 మిల్లీమీటర్లు. బ్రాడ్ గేజ్ 1676. బోధన్ శక్కర్‌నగర్ ఫ్యాక్టరీ చక్కెర బస్తా అయినా సరే, బ్రాడ్ గేజ్ ఊరికి పోవాలంటే ఎక్కడో ఒక చోట హమాలీ నెత్తికెక్కి దిగాల్సిందే. పట్టాలు మారేసరికి తరాలు గడిచాయి. ఫ్యాక్టరీ 2015 డిసెంబరులో మూతపడింది, ఇప్పుడు బండి అయితే పోతుంది.

సర్కారునూ ఒకందుకు మెచ్చుకోవాలి. మిషన్ భగీరథ కోసం తవ్వినప్పుడే నీళ్ళ గొట్టం పక్కన ఇంటర్నెట్ తెచ్చే టీ-ఫైబర్‌కు గొట్టం వేశారు. రోడ్డు పోసిన మర్నాడే తవ్వే దేశంలో ఒకే గుంతలో రెండు పనులు! ఆ ఫైబరు ఇంటిదాకా వస్తే బాగుండునని బావ ముందుచూపుతో ఆన్‌లైన్లో ఫైబరు నెట్ పట్టే తెల్ల డబ్బా ఒకటి కొని పెట్టాడు. తీసి చూస్తే ఈపాన్. ఇటువైపు నెట్ ఇచ్చేవాళ్ళు నడిపేది జీపాన్. రెండూ తెల్ల డబ్బాలే, రెండూ 1490 మీదే వింటాయి, భాషలే వేరు. డబ్బా అటక ఎక్కింది.

పేరు మార్పించిన మాడ్యూలు దూర్చాక, రాత్రి ఎనిమిదికి రెండు కొసలా పచ్చలైటు వెలిగింది. టీవీలో గోదాము కనిపించింది, బస్తాల మీద పిల్లి కూడా. పొరుగు మిల్లు ఆయన వచ్చి చాలాసేపు చూసి, అక్కడే నిలబడి దుకాణానికి ఫోను కలిపాడు.

"ఈ పక్క మిల్లుల పెట్టినవే నాగ్గూడ కావాలె. ఆఁ... నీలం చెవిది. రెండూ అసొంటివే ఇయ్యి, ఫరక్ రావద్దు."