ఊట తగ్గింది, దిగుబడి పెరిగింది

2025 అక్టోబరు 27, సోమవారం తెలంగాణలో చీటీలు తీశారు. 2,620 మద్యం దుకాణాలకు 95 వేలకు పైగా దరఖాస్తులు. ఒక్కోదానికి రూ.3 లక్షలు. దుకాణం వచ్చినా రాకున్నా ఆ సొమ్ము తిరిగి రాదు. సర్కారుకు ముట్టింది రూ.2,854 కోట్లు. ఒక్క సీసా మూత తీయలేదు, ఒక్క చుక్క గ్లాసులో పడలేదు. గడువు 18వ తేదీతో అయిపోవాల్సింది. ఆ రోజు రాష్ట్ర బంద్ వల్ల బ్యాంకులు నడవలేదు పాపమని 23 దాకా పొడిగించిన ఆ దయ చూసి నాకు కళ్లు చెమర్చాయి. ఫీజు రీయింబర్స్‌మెంటు రాక సర్టిఫికెట్లు కాలేజీలోనే వదిలేసిన పిల్లలకు మాత్రం ఈ ముక్క చెప్పకండి.

సరిగ్గా అదే వారం మా అపార్ట్‌మెంటు కుర్రాడొకడు సలహా కోసం వచ్చాడు. గచ్చిబౌలిలో ఉద్యోగం. చేతిలో కాస్త డబ్బు, ఫోన్లో బోలెడు వీడియోలు. చిన్న డిస్టిలరీ పెడతాడట, అదీ ఇప్పపువ్వుతో. "గోవాలో 2017లో ‘గ్రేటర్ దేన్’ జిన్ వచ్చింది అంకుల్. మరుసటి ఏడు ‘స్ట్రేంజర్ అండ్ సన్స్’ వచ్చింది. మనకేం తక్కువ? ఆదిలాబాద్ అడవి నిండా ఇప్పచెట్లే" అన్నాడు.

తక్కువేం లేదు. చిత్తూరు జిల్లాలో డెస్మండ్ నజరెత్ అనే ఆయన మన పొలం గట్ల మీద ముళ్లకంచెగా పెరిగే కిత్తనార నుంచి మద్యం దించాడు. మొక్క మనది, బట్టీ మనది. 2011లో అమ్మకం మొదలైంది మాత్రం గోవాలో. 2018లో ఆయన ఇప్పసారా జనంలోకి వచ్చిందీ గోవాలోనే. ఇదంతా చెబితే కుర్రాడి ముఖం వాడిపోయింది. జాలేసింది.

"బాబూ, నువ్వు తప్పు గురువును పట్టావు. గోవా వద్దు, స్కాట్లండ్ అసలే వద్దు. తిన్నగా నాంపల్లి ఆబ్కారీ భవన్‌కు పో. దేశంలో అంత నాణ్యమైన బట్టీ ఇంకోటి లేదు. ఆ గుమ్మం ముందు నిలబడి చూస్తే చాలు, విద్య అదే వస్తుంది" అన్నాను.

నోట్సు రాసుకోవడానికి ఫోను తీశాడు. నేను మొదలుపెట్టాను.

ముందు ఊట. నీలాంటి కొత్తవాడు ఇప్పపువ్వో బెల్లమో నీళ్లలో నానబెట్టి, అది పులిసి నురగ కట్టేదాకా రోజుల తరబడి కాపు కాస్తాడు. అందులో చక్కెర ఉండాలి, ఆ చక్కెరను తినే ఈస్టు ఉండాలి, మరీ వేడీ మరీ చలీ ఉండకూడదు. ఆబ్కారీ వారి ఊటకు ఇవేవీ అక్కర్లేదు. మనిషిలో ఆశ ఉంటే చాలు. ఒక నోటిఫికేషన్ చల్లితే రాత్రికి రాత్రే పొంగుతుంది. ఒకడు ఒకే దరఖాస్తు వేయాలన్న నియమం కూడా లేదు, ఎన్ని కుండలైనా పోసుకోవచ్చు. ఇల్లు తాకట్టు పెట్టి పోసినా, బావమరిది చేత పోయించినా, పక్క రాష్ట్రం నుంచి వచ్చి పోసినా ఆ ఊట ఇట్టే కలిసిపోతుంది.

తర్వాత మంట. ఇది చాలా నాజూకైన పని బాబూ. సారాయిలో మత్తెక్కించే పదార్థం 78 డిగ్రీల దగ్గర మరుగుతుంది, నీళ్లు నూరు దగ్గర. ఆ రెంటి మధ్య మంటను నిలిపినవాడే పనివాడు. ఆబ్కారీ వారి పనితనం చూడు. 2019లో దరఖాస్తు రుసుము 2 లక్షలు. 2023లోనూ అంతే. ఆ ఏడు లక్షా 31 వేలకు పైగా దరఖాస్తులు వచ్చి రూ.2,639 కోట్లు దిగాయి. ఈసారి మంట కొంచెం పెంచి రుసుము 3 లక్షలు చేశారు. దరఖాస్తులు 36 వేలకు పైగా తగ్గిపోయాయి. అయితేనేం, దిగింది మాత్రం రూ.215 కోట్లు ఎక్కువ! ఊట తగ్గితే సారా పెరగడం లోకంలో ఏ బట్టీలోనైనా చూశావా? స్కాట్లండ్ వాళ్లు మూడు తరాలు కూర్చుని లెక్కలేసినా వాళ్లకు అంతుపట్టదు.

కుర్రాడు ఇక్కడ కాస్త గర్వంగా అడ్డొచ్చాడు. "మొదట దిగేది పారబోయాలి కదా అంకుల్, వీడియోలో చూశాను" అన్నాడు. నిజమే. మొదటి ధారలో ఘాటు, విషపు సరుకు ఎక్కువ. చివరి ధారలో నీచు వాసన. నడిమిది మాత్రమే గొంతులో పోసుకోదగ్గది. ఎక్కడ మొదలు కోయాలో, ఎక్కడ ఆపాలో ముక్కుతో నాలుకతో తెలుసుకోవడమే ఈ విద్యలో సగం. ఎంత పిసినారి అయినా పారబోయాల్సినది పారబోస్తాడు. నాంపల్లి బట్టీలో ఆ అనాచారం లేదు. మొదటి ధార, చీటీ తగలని 92 వేల దరఖాస్తుల మీది సొమ్ము. అది ఖజానాకే. నడిమి ధార, చీటీ తగిలినవాళ్లు ఏటా కట్టే లైసెన్సు ఫీజు, 50 లక్షల నుంచి కోటీ 10 లక్షల దాకా. అదీ ఖజానాకే. చివరి ధార సంగతి తర్వాత చెబుతాను, దాని వాసన వేరు.

ఇక మాగబెట్టడం. మంచి విస్కీని చెక్క పీపాలో ఏళ్ల తరబడి ఉంచుతారు. అందులోంచి ఏటా కొంత గాలిలో కలిసిపోతుంది. స్కాట్లండ్‌లో దాన్ని దేవతల వాటా అంటారు. వాళ్ల చలికి ఏటా 2 శాతం దాకా పోతుంది, మన దేశపు ఎండకు అంతకు ఎన్నో రెట్లు పోతుంది. నాంపల్లి సరుకు మాగే కాలం సరిగ్గా రెండేళ్లు, 2025 డిసెంబరు 1 నుంచి 2027 నవంబరు 30 దాకా. మన దగ్గర దేవతల వాటా ఎంతో నన్నడక్కు బాబూ. మన దేవతలకు నియోజకవర్గాలు కూడా ఉంటాయి.

"అంతా బాగుంది. మరి నా లైసెన్సు?" అన్నాడు.

"రాగి కుండేమైనా కొన్నావా?"

"చిన్నది. ఆన్‌లైన్లో."

"పప్పు వండుకో."

నవ్వాడు. నేను నవ్వలేదు. 1986లో ఒక చట్టం వచ్చింది, మనం పీడీ యాక్టు అని పిలుచుకునేది. విచారణ లేకుండా ఏడాది దాకా లోపల వేయగల చట్టం. ఎవరెవరిని వేయొచ్చో దాని పేరులోనే వరుసగా ఉంటుంది. ఆ వరుసలో అందరికంటే ముందున్నవాడు దొంగసారా మనిషి. బందిపోటు అతడి వెనకే నిలబడ్డాడు. గూండా, భూకబ్జాదారు ఇంకా వెనక. అదే దశకంలో ప్రభుత్వం ‘వారుణి వాహిని’ పేరుతో ప్యాకెట్లలో సారా పోసి ఊరూరా తానే అమ్మింది. తను కాస్తే పథకం, తండాలో కాస్తే బందిపోటు కంటే నేరం.

ఈ కుర్రాడికి ఆ భయం లేదని నాకు తెలుసు. ఇవాళ కాకపోతే రేపు వీళ్ల కోసం ఒక విధానం వస్తుంది. రాగి బట్టీ పక్కన గాజు గోడ కడతారు, మంత్రి రిబ్బను కత్తిరిస్తాడు, ఇప్పపువ్వు బొమ్మున్న సీసా మూడు వేలకు అమ్ముతారు. అమ్ముకోనీ. నాకు అభ్యంతరం లేదు. నా కడుపుమంట వేరే చోటుంది.

ఆ పువ్వును తరతరాలుగా ఏరి, ఎండబెట్టి, కాచిన గోండు ఇంట్లో కుండ పగిలిన ఫొటోనే పేపర్లో పడుతుంది. ‘బెల్లం ఊట ధ్వంసం’ అని కింద నాలుగు లైన్లు. ఉట్నూరు ఆడవాళ్లు అదే పువ్వుతో లడ్డూలు చేస్తే శభాష్ అంటాం. గుడుంబా అమృతమని నేను అనడం లేదు. నవసాగరం పోసి దించిన ఆ సరుకు పేగులు కోసింది, తండాల్లో పడుచు ఆడపిల్లలను విధవలను చేసింది. దాన్ని ఆపాల్సిందే. కానీ ఆపినప్పుడు, ఆ పని మానేసి బతకమని ఒక్కో కుటుంబానికి ఈ రాష్ట్రం ఇచ్చిన పునరావాసం 2 లక్షలు. ఇవాళ దుకాణం కోసం ఒక్క చీటీ వేయడానికి 3 లక్షలు. ఒక కుటుంబం బతుకు ఒక చీటీ పాటి కూడా చేయలేదు. ఈ రెండు అంకెలూ ఒకే శాఖ పుస్తకంలో ఉన్నాయి, ఎవరికీ సిగ్గనిపించలేదు.

ఇప్పుడు చివరి ధార. మూడు లక్షలు పోగొట్టుకున్నవాడి మీద నాకు జాలి లేదు, తెలిసే ఆడాడు. కోటి కట్టి గెలిచినవాడు ఆ కోటి ఎక్కడ రాబట్టుకుంటాడు? బోర్డున్న దుకాణం ఒక్కదానితో తీరదు. సరుకు ఊళ్లోకి నడవాలి. కిరాణా కొట్టు వెనక్కి, పాన్‌డబ్బా కిందికి, బస్టాపు పక్క గుడిసెలోకి. వీటినే బెల్టు షాపులంటారు. పొద్దున కూలికి పోయే ముందే దొరకాలి, రాత్రి పిల్లాడికి మందు కొనాల్సిన నోటు మీద కూడా దొరకాలి. ఆ 2,854 కోట్లు గాల్లోంచి దిగలేదు. ఇంకా సంపాదించని కూలీ మీద ముందే తీసుకున్న అడ్వాన్సు అది. దాన్ని ఆదాయం అని ప్రకటించి చేతులు దులుపుకున్నారు.

1992లో నెల్లూరు జిల్లా దూబగుంట ఆడవాళ్లు సారా కొట్టు మూయించినప్పుడు వాళ్ల చేతుల్లో ఏ నోటిఫికేషనూ లేదు, డ్రా కోసం ఎదురు చూడలేదు. ఏడాది తిరిగేసరికి, 1993 అక్టోబరు 1న, సారా మీద నిషేధం వచ్చింది. 1995లో సంపూర్ణ నిషేధం వచ్చింది, 1997లో ఎత్తేశారు. ఖజానా తట్టుకోలేకపోయిందన్నారు. ఆ ఇళ్లు ఎలా తట్టుకున్నాయో ఎవరూ చెప్పలేదు.

2025 డిసెంబరు 1 నుంచి కొత్త దుకాణాలు. గుడికి, బడికి వంద మీటర్ల అవతల ఉండాలని వాటికి నిబంధన ఉంది. బెల్టు షాపుకు ఆ నిబంధన వర్తించదు. దానికి లైసెన్సే లేదు కదా.