సొంత ఫోను తెచ్చుకోవలెను

కొత్త టెక్నాలజీ వస్తుంటే ఉద్యోగుల్ని ఎలా సిద్ధం చెయ్యాలా అని హైటెక్ సిటీ హెచ్‌ఆర్ వాళ్లు తలలు బద్దలు కొట్టుకుంటారు. ముందుగా చెప్పాలట, అభిప్రాయాలు అడగాలట, నేర్పాలట, పాతదీ కొత్తదీ కొన్నాళ్లు పక్కపక్కనే నడపాలట. పాపం, వాళ్లెప్పుడూ శ్రీకాకుళం జిల్లా కంచిలిలో ఉపాధి హామీ చెరువు పనుల్లోకి వచ్చినట్టు లేరు. ఇంత తతంగం అక్కర్లేదని దేశంలోకెల్లా పెద్ద మేస్త్రీ, అంటే ఢిల్లీలోని గ్రామీణాభివృద్ధి శాఖ, ఎప్పుడో తేల్చేసింది. వారికి హెచ్‌ఆర్ విభాగం అంటే ఒక సర్క్యులర్.

ఉపాధి హామీ హాజరుకి ఎన్‌ఎంఎంఎస్ అనే యాప్ 2021 మేలో దిగింది. మరుసటి ఏడాది, ఇరవై మందీ ఆపైనా ఉన్న పనులకి తప్పనిసరి. 2023 జనవరి 1 నుంచి వ్యక్తిగత లబ్ధిదారుల పనులు తప్ప అన్నిటికీ తప్పనిసరి. రోజుకి రెండు ఫొటోలు, మధ్యలో నాలుగు గంటల ఎడం. ఫోను ఎవరిది? చాలాచోట్ల కూలీల హాజరు చూసే మేట్‌దే. డేటా? అదీ మేట్‌దే. శిక్షణా? ఇంట్లో ఇంటర్ చదివే పిల్ల ఉంది కదా!

అసలు తమాషా వేరే ఉంది. మన దగ్గర ఉపాధి కూలి గంటలకి కాదు, కొలతకి. వేసవిలో కంచిలి ఉన్న ఈ ఉద్దానం జనం చీకటితోనే గునపం, పార పట్టుకుని వెళ్లి, ఎండ ముదరక ముందే గొయ్యి తవ్వేసి ఇంటిదారి పడతారు. ఎంత తవ్వారో టేపు చెబుతుంది. తవ్విన గొయ్యి మధ్యాహ్నానికి లేచి ఎక్కడికీ పోదు. కానీ యాప్‌కి గొయ్యితో పనిలేదు, మొహం కావాలి. అందుకని పని అయిపోయినవాళ్లు రెండో ఫొటో కోసం జీడిచెట్టు కింద కూర్చోవాలి. టెక్నాలజీతో ఉత్పాదకత పెరగడమంటే ఇదే కాబోలు.

2022 ఆగస్టులో ఆంధ్రప్రదేశ్‌లో బడిపంతుళ్లకీ ఈ భాగ్యం పట్టింది. మొహం హాజరు, అదీ సొంత ఫోనులోనే. వాళ్లు గట్టిగా అరిచారు, కాస్త గడువైనా దొరికింది. జీడిచెట్టు కింద కూర్చున్నవాళ్ల అరుపు మాత్రం సిగ్నల్ అందని చోట ఉండిపోయింది.

2024 జనవరి 1 నుంచి కూలి చెల్లింపు కూడా ఆధార్ మీదే. జాబ్ కార్డులో పేరు ఒకలా, ఆధార్‌లో ఇంకోలా, బ్యాంకులో మరోలా ఉంటే అంతే సంగతులు. సోంపేట రైల్వే స్టేషను కంచిలిలో ఉంది. ఆ పేరు తేడాకి ఏ రైలూ అలిగి ఆగకుండా పోలేదు. కూలి డబ్బుకి ఒక్క అక్షరం తేడా చాలు. చెన్నైకో హైదరాబాదుకో వలసపోయేవాళ్లు ఎక్కేదీ ఆ స్టేషన్లోనే. అక్కడ టికెట్ చూపిస్తే చాలు.

ఇంతా చేశాక 2025 జులైలో అదే శాఖ మరో సర్క్యులర్ తీసింది. పనికి సంబంధం లేని ఫొటోలు ఎక్కుతున్నాయట, ఫొటోకే ఫొటో తీస్తున్నారట, ఉన్న మనుషులకీ రాసిన లెక్కకీ పొంతన లేదట. మందేమిటి? పంచాయతీ స్థాయిలో ప్రతి ఫొటోనూ మనిషే కళ్లతో చూసి సరిపోల్చాలి. మనిషిని నమ్మలేక యాప్, యాప్‌ని నమ్మలేక మనిషి! డిసెంబరుకి పథకం చట్టమే మారి కొత్త పేరు వచ్చింది. బయోమెట్రిక్, జీపీఎస్ మాత్రం కొత్త చట్టంలోకి భద్రంగా చేరాయి.

కనుక తదుపరి యాప్‌కి ముందు ఒక శిక్షణ శిబిరం ప్రతిపాదిస్తున్నాను. అర్హత: యాప్‌ని రూపొందించినవారూ, సర్క్యులర్ మీద సంతకం చేసినవారూ. స్థలం: కంచిలి మండలంలో ఏదో ఒక చెరువు గర్భం. కాలం: మే నెల. భత్యం కొలతను బట్టి ఇవ్వబడును. రెండో ఫొటో ఎక్కనివారికి ఆ రోజు భత్యం లేదు. సిగ్నల్ గురించి ఫిర్యాదులు యాప్ ద్వారా మాత్రమే స్వీకరించబడును. సొంత ఫోను తెచ్చుకోవలెను.