నేను వదిలిన చేప

చెరువులోకి చేప ఎక్కణ్ణుంచి వస్తుంది? యాభై ఏళ్ళు దాటేదాకా ఈ ప్రశ్న నా బుర్రలోకి రాలేదు. నీళ్ళున్న చోట చేపలుంటాయి, వానలు పడితే వాటంతట అవే పెరుగుతాయి అనుకునేవాణ్ణి. పుట్టి పెరిగింది హైదరాబాద్ పాతబస్తీలో, గౌలిపురాలో. మృగశిర కార్తె వచ్చిందంటే ఊరంతా చేపల వెంట పడడం చిన్నప్పటి నుంచి చూస్తున్నాను. దూద్‌బౌలిలో బత్తిని వారింట మొదలైన చేప ప్రసాదం కోసం ఉబ్బసం రోగులు ఎక్కడెక్కడి నుంచో నగరానికి వస్తారు. మందు పెట్టి మింగించే ఆ కొర్రమీను పిల్లలను మత్స్యశాఖ వాళ్ళు కౌంటర్లు పెట్టి అమ్ముతారు. వాటిని ఎవరు పెంచారో, ఎక్కణ్ణుంచి తెచ్చారో కనుక్కోవాలని కూడా నాకు తోచలేదు. ఆ తెలియనితనంలో నేనొక పని చేశాను. దాన్ని నలుగురికీ చెప్పాలని చాలాకాలంగా అనుకుంటున్నాను, ఇప్పటికి చేతనైంది.

అది మీరాలం చెరువులో చేసిన పని కాబట్టి ముందు ఆ చెరువు సంగతి చెప్పాలి. మూడో నిజాం సికందర్ జా కాలంలో దివానుగా ఉన్న మీర్ ఆలం దీన్ని కట్టించాడు. 1804లో పునాది పడింది, 1806 నాటికి కట్ట లేచింది. నేరుగా కట్టిన గోడ కాదది. 21 అర్ధచంద్రాకారపు కమానులు పక్కపక్కన నిలబడి ఉంటాయి, ఒక్కొక్కటీ నీళ్ళ వైపు ఉబ్బి ఉంటుంది. నీళ్ళు ఎంత బలంగా తోసినా ఆ బరువు కమాను వంపు వెంట జారి పక్కనున్న స్తంభాల్లోకి దిగిపోతుంది. రెండు వందల ఏళ్ళు దాటినా ఆ రాళ్ళు నిలిచే ఉన్నాయి. 1920లో ఉస్మాన్ సాగర్, 1927లో హిమాయత్ సాగర్ వచ్చేదాకా నగరం దాహం తీర్చిన చెరువుల్లో ఇదే ముఖ్యమైనది. 1963లో దీన్ని ఆనుకుని నెహ్రూ జూపార్కు తెరిచారు. ఇంటికి చుట్టాలొస్తే జూకి తీసుకెళ్ళి, ఈ కమానుల కథ చెప్పడం నాకు ఇష్టం. చెరువుని మనిషి కట్టాడని అంత వివరంగా చెప్పినవాణ్ణి, అందులో చేపలను కూడా మనిషే వేయాలని ఆలోచించలేదు.

మా అబ్బాయి స్కూల్లో ఉన్నప్పుడు ముర్గీ చౌక్‌లో ఒక అద్దాల తొట్టి కొనిచ్చాను. చార్మినార్ దగ్గర పిట్టలు, కుందేళ్ళు, రంగు చేపలు అమ్మే ఆ సందు పాతబస్తీ పిల్లలందరికీ తెలుసు. గోల్డ్ ఫిష్‌లతో పాటు దుకాణదారు నల్లమచ్చల చేపపిల్ల ఒకటి ఇచ్చాడు. వేలెడంత ఉంది. అద్దానికి పట్టిన పాచి అదే నాకేస్తుంది, తొట్టి కడిగే పని తప్పుతుంది అన్నాడు. నిజంగానే నాకింది. గోల్డ్ ఫిష్‌లు ఒకదాని వెనుక ఒకటి పోయాయి, ఇది మాత్రం పోలేదు. పెరుగుతూ పోయింది. తొట్టిలో తిరగడానికి కూడా దానికి చోటు చాలకుండా అయింది. అబ్బాయి చదువుకి వేరే ఊరు వెళ్ళాక దాన్ని చూసేవాళ్ళు లేరు. ఒక మూలన నోరు అద్దానికి అంటించుకుని, తోక మడుచుకుని ఉండే ఆ చేపని చూస్తే నాకు రాత్రిళ్ళు నిద్ర పట్టేది కాదు. ఒకరోజు సాయంత్రం ఖాళీ రంగుల బకెట్లో నీళ్ళు పోసి, దాన్ని అందులో వేసి, స్కూటర్ మీద ముందు పెట్టుకుని మీరాలం వెళ్ళాను. కట్ట దిగి బకెట్ వంచాను. ఒక్కసారి తోక కొట్టి అది అడుక్కి పోయింది. ఆరోజు రాత్రి ఇంట్లో అందరితో, ఒక ప్రాణికి స్వేచ్ఛ ఇచ్చానని చెప్పాను. మా ఆవిడ దేవుడి దగ్గర దీపం పెట్టింది.

దాని తర్వాతే నాకు గాలం పిచ్చి పట్టింది. ఆదివారం తెల్లవారకముందే లేచి హసన్‌నగర్ వైపు ఒడ్డుకి వెళ్ళేవాణ్ణి. గోధుమపిండి, వేయించిన తౌడు, కాస్త బెల్లం, దంచిన ఇలాచీ కలిపి ముద్ద చేసేవాణ్ణి. ముద్ద గట్టిగా ఉంటే చేప ముట్టదు, పలచనైతే నీళ్ళలో పడగానే విడిపోతుంది. బఠాణీ గింజంత తీసి గాలానికి ముల్లు కనపడకుండా పట్టించాలి. బెండు నిలబడ్డాక దాని మీద నుంచి చూపు తీయకూడదు. రవ్వ అయితే బెండుని రెండుమూడు సార్లు చిన్నగా తడుతుంది, ఆ తర్వాత పక్కకి లాక్కుపోతుంది. ఆ లాగుడు చేతికి తెలిసిన క్షణం ఎంత సంతోషంగా ఉంటుందో గాలం పట్టినవాళ్ళకి చెప్పక్కర్లేదు. పట్టిన చేపలు ఇంటికి తెచ్చుకునేవాణ్ణి. ఎవరినీ అడగలేదు. అడగాలని కూడా తెలియదు.

అక్కడ థర్మాకోల్ తెప్ప మీద వలలు వేసే పెద్దాయన ఒకరుండేవారు. నేను కాకా అని పిలిచేవాణ్ణి. మొదట్లో నన్ను చూసీ చూడనట్టు పోయేవారు. ఒక వానాకాలం చివర, పొద్దున్నే కట్ట మీదికి ఒక లారీ వచ్చింది. దాన్నిండా గాలి పట్టించి మూతి కట్టిన పాలిథీన్ సంచులు. ఒక్కో సంచిలో వేలెడంత చేపపిల్లలు వందలకొద్దీ. కాకాతో పాటు మత్స్యకారుల సంఘం వాళ్ళు సంచులను మూతి విప్పకుండానే నీళ్ళ మీద తేలేసి ఊరుకున్నారు. ఇంకా వదలరేం అని అడిగాను.

"సంచిల నీళ్ళు వేరు, చెర్వు నీళ్ళు వేరు సారూ. ఒక్కపారే ఇడిస్తె సస్తయి. జరసేపు ఆగాలె" అన్నారు.

కాసేపయ్యాక కొన్ని సంచులు విప్పి, పిల్లలను చిన్న జాలీ గిన్నెతో ఎత్తి లెక్కపెట్టారు. మిగతా సంచులను ఆ లెక్కన అంచనా కట్టారు. ఆ తర్వాత మూతి నీళ్ళలోకి వంచితే పిల్లలు వాటంతట అవే ఈదుకుంటూ బయటికి వచ్చాయి. 2016లో రాష్ట్ర ప్రభుత్వం చెరువులకు ఉచితంగా చేపపిల్లలను ఇవ్వడం మొదలుపెట్టిందని, ఏడాదంతా నీళ్ళుండే చెరువులకు 80 నుంచి 100 మిల్లీమీటర్ల పిల్లలను, నీళ్ళు తొందరగా తగ్గే కుంటలకు 35 నుంచి 40 మిల్లీమీటర్ల పిల్లలను ఇస్తారని అక్కడే తెలిసింది. తెలంగాణ చెరువుల్లో చేపలు పట్టుకునే హక్కు మత్స్య సహకార సంఘాలది. పిల్లను వేసి, నెలల తరబడి కాపలా కాసి, అది కిలో తూగాక పట్టుకుంటేనే వాళ్ళకి నాలుగు డబ్బులు. ఊరికే వచ్చాయని నేను ఇంటికి మోసుకెళ్ళిన రవ్వలన్నీ ఇలా సంచిలో వచ్చి, ఇలా లెక్కకెక్కినవే. ఆ రోజు నా గాలం సంచిలోంచి తీయలేదు.

ఏటా ఎందుకు వేయాలి, ఒకసారి వేస్తే అవే పిల్లలు పెట్టవా అని కాకాని అడిగాను. ఆయన చెప్పింది విన్నాక ఇంటికొచ్చి చదివాను. రవ్వ, బొచ్చె, ఎర్రమోసు ఈ మూడూ నదుల చేపలు. వరద వచ్చి నీళ్ళు పారుతుంటేనే అవి గుడ్లు పెడతాయి. నిలవనీటిలో ఎంత పెరిగినా కడుపులో గుడ్లు కడుపులోనే ఉండిపోతాయి. ఒకప్పుడు నదుల్లో దొరికిన పిల్లలను ఏరి తెచ్చి చెరువుల్లో పోసేవారు. 1957 జులై 10న ఒడిశాలోని అంగుల్‌లో హీరాలాల్ చౌధురి అనే శాస్త్రవేత్త చేప పీయూషగ్రంథి రసాన్ని సూదిమందుగా ఎక్కించి గుడ్లు పెట్టించగలిగారు. అందుకే జులై 10ని దేశమంతా చేప రైతుల దినంగా జరుపుతారు. కైకలూరు చుట్టుపక్కల హేచరీలు, అక్కణ్ణుంచి చేపపిల్లల లారీలు, ఇదంతా ఆ సూదిమందు చలవే. మీరాలం చెరువుకి కాస్త దూరంలో, రాజేంద్రనగర్ దగ్గర పీవీ నరసింహారావు ఎక్స్‌ప్రెస్‌వే పక్కన చేప ఆకారంలో కట్టిన పెద్ద భవనం ఉంది. జాతీయ మత్స్యాభివృద్ధి మండలి ప్రధాన కార్యాలయం అది. ఎన్నేళ్ళుగానో దాని పక్క నుంచి పోతూ, భలే కట్టారే అనుకోవడమే తప్ప, లోపల ఏ పని జరుగుతుందో అడగలేదు.

నేను వదిలిన చేప సంగతి కూడా అప్పుడే చదివి ఉంటే బాగుండేది. చదవలేదు. అది నాకు వేరే విధంగా తెలిసింది.

ఎండలు ముదిరిన రోజుల్లో ఒక పొద్దున కాకా కట్ట మీద కూర్చుని వల సరిచేసుకుంటున్నారు. పక్కన నాలుగైదు నల్లటి చేపలు పడి ఉన్నాయి. ఒకటి వలలోనే ఉంది. దాని రెక్కల ముందు గట్టి ముళ్ళుంటాయి. పట్టుబడగానే అది ఆ ముళ్ళను విప్పి బిగించేస్తుంది, ఇక వల కోస్తే తప్ప రాదు. కాకా కత్తితో ఒక్కో కన్నూ తెంపుతూ దాన్ని విడిపిస్తున్నారు. నేను సాయం చేయబోయి పట్టుకున్నాను. ఒళ్ళంతా పొలుసులు కావు, ఎముక పలకలు. గరుకు కాగితంలా అరచేతిని గీరింది. తిప్పి చూశాను. కడుపు వైపు గుండ్రటి నోరు, చుట్టూ నల్లమచ్చలు. ఎన్నేళ్ళో మా ఇంట్లో అద్దానికి అంటుకుని కనిపించిన నోరు అది. నా చేతులు చల్లబడ్డాయి.

"దయ్యం చాప సారూ. తినేటోడు లేడు, కొనేటోడు లేడు. వలలన్నీ ఖరాబు చేస్తున్నయి. ఎవడిడిసిండో గని, వానికి పుణ్యముండదు" అన్నారు కాకా.

నేనేమీ మాట్లాడలేదు. అక్కడ నోరు విప్పకపోవడం, బకెట్ వంచడం కంటే పెద్ద తప్పు. బకెట్ వంచినప్పుడు నాకు తెలియదు, కాకా ఎదురుగా నిలబడినప్పుడు తెలుసు.

ఆ చేప పుట్టినిల్లు దక్షిణ అమెరికా, అమెజాన్ వైపు నదులు. అక్వేరియంల వ్యాపారం దాన్ని ప్రపంచమంతా తిప్పింది. ఇప్పుడు కలకత్తా చిత్తడి నేలల్లో ఉంది, కేరళలో ఉంది, మన రెండు తెలుగు రాష్ట్రాల చెరువుల్లో, కాలువల్లో ఉంది. అడుగున్నర దాకా పెరుగుతుంది. గట్టు మట్టిలో లోతుగా బొరియలు తవ్వి గుడ్లు పెడుతుంది, మగచేప వాటికి కాపలా ఉంటుంది. కట్టలు ఆ బొరియలతోనే గుల్లబారతాయి. మురుగు చేరి నీళ్ళలో ఆక్సిజన్ పడిపోతే రవ్వ, బొచ్చె తెల్లగా తేలిపోతాయి. ఇది మాత్రం పైకొచ్చి ఒక గుటక గాలి మింగి మళ్ళీ కిందికి పోతుంది, ఆ గాలిని కడుపులోనే పీల్చుకోగలదు. ఒడ్డున పడేసినా గంటల తరబడి చావదు. అన్నిటికంటే నన్ను కుంగదీసింది వేరే ఉంది. కాకా వాళ్ళు ఏటా తెచ్చి పోసే చేప నిలవనీటిలో పిల్లలు పెట్టలేదు. నేను జాలిపడి వదిలిన చేప పెట్టగలదు. వాళ్ళు ప్రతి ఏడూ మళ్ళీ మొదలుపెట్టాలి. దానికి మళ్ళీ ఎవరూ లారీలో తేనక్కర్లేదు.

నాకు నేను సర్దిచెప్పుకోవాలని చూశాను. ఒంటరి చేప ఏం కంటుంది, నేను వేసింది ఒక్కటే కదా అనుకున్నాను. కానీ ముర్గీ చౌక్‌లో ఆ చేప కొన్న ఇళ్ళు ఎన్ని ఉంటాయి? అన్ని ఇళ్ళల్లోనూ అది తొట్టికి మించి పెరిగి ఉంటుంది. అందరికీ నాలాగే జాలి కలిగి ఉంటుంది. నాలాంటివాడు ఇంకొకడు బకెట్ తెచ్చి ఉంటే చాలు. ఎవరి చేప అన్న లెక్క నీళ్ళలో ఉండదు. ఒక్కటే అన్న మాట వెనుక దాక్కోవడానికి నాకు మనసొప్పలేదు.

తర్వాతి ఆదివారం గాలం తీసుకోకుండా వెళ్ళాను. కాకా తెప్ప ఒడ్డుకి లాగేదాకా ఆగి, అంతా చెప్పాను. మా అబ్బాయి తొట్టి, బకెట్, దీపం, పోయినసారి నోరు మెదపని సంగతి కూడా. ఇన్నాళ్ళూ పట్టుకెళ్ళిన రవ్వలకు సంఘానికి డబ్బు కడతానన్నాను. ఆయన కొంతసేపు వలనే చూస్తూ ఉన్నారు. తిడతారనుకున్నాను, తిట్టించుకోవడానికే వెళ్ళాను.

"మీరొక్కలే గాదు సారూ. సంచులల్ల తెచ్చి ఇడిసేటోళ్ళు మస్తుమంది. మీరొచ్చి చెప్పిండ్రు, గంతే ఫరక్" అన్నారు. "ఇగ మీ గల్లీల ఎవలింట్లనన్న ఉంటె తెచ్చిన దుకాన్ల వాపస్ ఇయ్యమనుండ్రి. ఆడ తీస్కోకుంటె సచ్చినంక గుంత తవ్వి పెట్టుమనుండ్రి. చెర్వుల ఒద్దు, మూసీల ఒద్దు, నాలాల సుత ఒద్దు."

చెప్తానన్నాను. మా వీధిలో చెప్పాను, మా అబ్బాయితో కలిసి చదువుకున్న పిల్లల ఇళ్ళకు వెళ్ళి చెప్పాను. రెండు ఇళ్ళల్లో ఆ చేప ఉంది. ఒకావిడ అప్పటికే హుస్సేన్ సాగర్‌లో వదిలేద్దామని బకెట్ సిద్ధం చేసుకుంది. నేనూ ఆమే కలిసి దాన్ని దుకాణానికి తిరిగి తీసుకెళ్ళాం. వాళ్ళు గొణిగారు గానీ తీసుకున్నారు.

డబ్బు సంగతి మళ్ళీ ఎత్తితే కాకా, సంఘం పెద్దమనిషితో మాట్లాడి కట్టుమన్నారు, కట్టాను. వెళ్ళబోతుంటే వెనక్కి పిలిచారు.

"సారూ, మీకు లెక్క బాగొస్తదా? ఈసారి సీడొచ్చిన నాడు లెక్కకు మనిషి తక్కువున్నడు. పొద్దుగాల్నే రాండ్రి. గాలం ఇంట్ల వెట్టి రాండ్రి."