కట్టుడు కన్నీళ్లు

ఏడుపుగొట్టు టీవీ సినిమాను వెక్కిరించబోవడం దండగమారి పని అని 2015లోనే తేలిపోయింది. ఆ ఏడాది జూన్‌లో అమెరికాలో లైఫ్‌టైమ్ చానల్ ‘ఎ డెడ్లీ అడాప్షన్’ వేసింది. ఆలుమగలుగా నటించింది పేరుమోసిన హాస్యనటులు విల్ ఫెరెల్, క్రిస్టెన్ విగ్. కడుపుతో ఉన్న ఇల్లాలు ఆనుకోగానే సరస్సు ఒడ్డున చెక్క రెయిలింగ్ పుటుక్కున విరిగి, ఆమె నీళ్లలో పడుతుంది. తర్వాత బిడ్డను దత్తతకు ఇస్తానంటూ వచ్చినామెదేమో కట్టుడు కడుపు! జోకు ఇప్పుడు పేలుతుందా, అప్పుడు పేలుతుందా అని ప్రేక్షకులు కాచుకు కూర్చున్నారు. పేలలేదు. ఇద్దరూ ముఖాన నవ్వన్నది లేకుండా ఆ చానల్ రోజువారీ సరుకునే నటించేశారు. పేరడీ అయితే నవ్వు రావాలిగా అని కొందరు పెదవి విరిచారు. రాకపోవడమే అసలు పేరడీ: అతికి మళ్లీ అతి కలపడానికి చోటెక్కడిది?

టీవీ సినిమా అంటే అంత చులకనా అనొచ్చు. కానేకాదు. 1984లో ఎన్‌బీసీ వేసిన ‘ద బర్నింగ్ బెడ్’లో మొగుడి చేత దెబ్బలు తినే ఇల్లాలిగా ఫారా ఫాసెట్ నటిస్తే, గృహహింస గురించి జనం నోరు విప్పి మాట్లాడుకున్నారు. అక్కడ కన్నీళ్లకు కారణం ఉంది. ఇక్కడ కడుపులాగే కారణమూ కట్టుడుదే.